స్ట్రోక్ తర్వాత నడక: నాన్నది బద్ధకం కాదు, మైలేజ్ పడిపోయింది

ఇంట్లో నాన్నకో, అమ్మకో, తాతయ్యకో స్ట్రోక్ వచ్చి, హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చేసి, ఇప్పుడు కాస్తో కూస్తో నడుస్తున్నారు అనుకోండి. ఈ ఎపిసోడ్ మీ కోసమే. స్ట్రోక్ అంటే మన ఊళ్ళలో పక్షవాతం అంటాం కదా, అదే.

ఇలాంటి ఇళ్ళలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "డాక్టర్ నడవమన్నారు, ఈయనేమో వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి గంటసేపు కుర్చీలో కూర్చుంటాడు. ఒంట్లో అంతా బాగానే ఉంది, బద్ధకం అంతే." ఇంకో ఇంట్లో దీనికి రివర్స్. "పాపం, అలసిపోతున్నాడు, కూర్చోనివ్వండి. మంచినీళ్ళు కూడా మేమే అందిస్తాం." ఒకళ్ళు తిడతారు, ఒకళ్ళు ముద్దు చేస్తారు. రెండు ఇళ్ళలోనూ మనిషి కుర్చీకే పరిమితం అవుతాడు.

అసలు ఆ అలసట ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఏ వ్యాయామంతో తగ్గించొచ్చు, మీ చేతిలో ఉన్న ఫోన్‌తో ఆ మార్పుని ఎలా కొలవొచ్చు, ఈ మూడూ ఇవాళ చూద్దాం. చివర్లో ఎక్కడ ఆగాలో కూడా చెప్తాను, అది మాత్రం స్కిప్ చేయొద్దు.

బండి లెక్క

మనందరికీ అర్థమయ్యే లెక్కతో మొదలుపెడదాం. బైక్ ఉంది. టాంక్‌లో పది లీటర్లు పడుతుంది, లీటరుకి యాభై కిలోమీటర్లు ఇస్తుంది. ఒకరోజు రెండు జరిగాయి. టాంక్ చిన్నదైపోయి అయిదు లీటర్లే పడుతోంది. మైలేజ్ కూడా పడిపోయి ముప్పైకి వచ్చింది. ఇప్పుడు ఆ బండి మీద ఊరు దాటి వెళ్ళాలంటే భయం వేస్తుంది కదా? స్ట్రోక్ తర్వాత మనిషికి జరిగేది దాదాపు ఇదే.

టాంక్ అంటే ఇక్కడ ఏంటి? గట్టిగా కష్టపడినప్పుడు శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదు అన్నది. దీన్నే ఫిట్‌నెస్ అంటాం, డాక్టర్ల భాషలో వీఓటూ పీక్. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ఇది అదే వయసున్న ఆరోగ్యవంతులతో పోలిస్తే సుమారు సగమే ఉంటుందని చాలా పరిశోధనల్లో కనిపించింది. మనిషిని బట్టి బాగా తేడా ఉంటుంది, కానీ సగటు మాత్రం సగం దగ్గర తిరుగుతుంది.

మైలేజ్ అంటే ఒక్క మీటరు నడవడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుంది అన్నది. స్ట్రోక్ తర్వాత ఈ ఖర్చు పెరుగుతుంది. కొందరిలో మామూలు మనిషికి అయ్యేదానికి ఒకటిన్నర రెట్లు, మరికొందరిలో రెండు రెట్లు కూడా అవుతుంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఇది కేవలం అర్థం కావడానికి నేను వేస్తున్న లెక్క. ఆరోగ్యంగా ఉన్న మనిషి శక్తి 100 అనుకుందాం. మామూలు నడకకి 40 ఖర్చవుతుంది, ఇంకా 60 మిగిలే ఉంటుంది. అందుకే మనం ఫోన్ మాట్లాడుతూ నడుస్తాం, కూరగాయల సంచి మోస్తూ నడుస్తాం. స్ట్రోక్ వచ్చిన మనిషి శక్తి 50. ఆయన మనకంటే నెమ్మదిగానే నడుస్తున్నా 35 ఖర్చవుతోంది. అంటే ఉన్నదాంట్లో 70 శాతం. మనం 70 శాతం శక్తి పెట్టామంటే అది పరుగు కిందే లెక్క. ఆయన వీధి చివరిదాకా నడిచి వస్తే, మనం వీధంతా పరిగెత్తి వచ్చినట్టు.

బద్ధకం అంటున్నారు చూశారా, అది ఇది. కాబట్టి ముందు ఆ మాట ఆపేయండి.

మైలేజ్ ఎక్కడ లీక్ అవుతోంది?

సరే, అదే మనిషి, అవే కాళ్ళు, మరి ఖర్చు ఎందుకు పెరిగింది? నాలుగైదు కారణాలున్నాయి.

మొదటిది, వెనక నుంచి తోసే బలం పోవడం. మనం నడిచేటప్పుడు వెనక ఉన్న కాలి పిక్క కండరం బిగిసి, మడమ పైకి లేచి, మునివేళ్ళతో నేలని వెనక్కి తోస్తుంది. శరీరం ముందుకి వెళ్ళడానికి ముఖ్యమైన ఇంజిన్ అదే. స్ట్రోక్ వచ్చిన వైపు ఈ తోపు బలహీనపడుతుంది. అప్పుడు ఆ పని తుంటి, నడుము, బాగున్న కాలు పంచుకోవాలి. వాటికి అది సొంత పని కాదు కాబట్టి ఖర్చు ఎక్కువ అవుతుంది.

రెండోది, పాదం వేలాడిపోవడం. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. కాలు ముందుకి వేసేటప్పుడు మునివేళ్ళు పైకి లేవవు, నేలకి తగులుతాయి. అవి తగలకుండా ఉండాలని మనిషి ఏం చేస్తాడు? నడుము ఒకవైపు పైకి ఎత్తి, కాలుని బయటి నుంచి గుండ్రంగా తిప్పి వేస్తాడు. కొడవలితో కోసినట్టు ఉంటుంది ఆ కదలిక. ప్రతి అడుగుకీ కాలు మొత్తం బరువుని అలా ఎత్తి తిప్పడం అంటే ఎంత పనో ఆలోచించండి.

మూడోది, కండరాలు బిగుసుకుపోవడం. ముందు కండరం పని చేస్తున్నప్పుడు వెనక కండరం వదులవ్వాలి. స్ట్రోక్ తర్వాత కొన్నిసార్లు రెండూ ఒకేసారి బిగుస్తాయి. బ్రేక్ మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ తిప్పినట్టు అన్నమాట.

నాలుగోది, పడిపోతానన్న భయం. బాలెన్స్ మీద నమ్మకం లేకపోతే ఒళ్ళంతా బిగబట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తారు. పడకుండా నిలబడటానికే సగం శక్తి పోతుంది.

అయిదోది మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. నెమ్మదిగా నడవడమే ఖర్చు పెంచుతుంది. నడకలో శరీరం గోడ గడియారం లోలకం లాంటిది, కాకపోతే తలకిందులుగా. ఒక అడుగులో పైకి లేచిన శక్తి, తర్వాత అడుగులో ముందుకి వెళ్ళడానికి పనికొస్తుంది. ఒక సరైన వేగంలో ఉన్నప్పుడే ఈ ఇచ్చిపుచ్చుకోవడం బాగా జరుగుతుంది. మరీ నెమ్మదైతే ప్రతి అడుగూ కొత్తగా మొదలుపెట్టినట్టే, ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్‌లో వెళ్ళే బండిలా. బాగా నెమ్మదిగా నడిచే స్ట్రోక్ పేషెంట్లని, ప్రమాదం లేనంతవరకు కొంచెం వేగంగా నడిపించి ఆక్సిజన్ కొలిస్తే, మీటరుకి అయ్యే ఖర్చు తగ్గిందని పరిశోధకులు చూశారు. అంటే "నెమ్మదిగా నడువు నాన్నా" అని మనం ప్రేమతో చెప్పే మాట ఎప్పుడూ సరైన సలహా కాదు.

వీటన్నిటి పైన ఇంకో చక్రం ఉంది. నడిస్తే అలసట. అలసట కాబట్టి కూర్చోవడం. కూర్చుంటే కండ తగ్గుతుంది, గుండె బలం తగ్గుతుంది, టాంక్ ఇంకా చిన్నదవుతుంది. మర్నాడు అదే దూరానికి ఇంకా ఎక్కువ అలసట. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. మాత్రలు బీపీని, షుగర్‌ని, రక్తం గడ్డకట్టడాన్ని చూసుకుంటాయి. ఈ చక్రాన్ని తెంచేది మాత్రం వ్యాయామమే.

పరిశోధనలు ఏం చెప్పాయి?

"ఆరు నెలలు దాటిపోయింది, ఇక వచ్చేది ఏమీ లేదన్నారు" అని చాలామంది చెప్తుంటారు. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, అది నిజం. కానీ తర్వాత తలుపు మూసుకుపోతుంది అన్నది నిజం కాదు.

2005లో అమెరికాలో రిచర్డ్ మాకో బృందం ఒక అధ్యయనం చేసింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 61 మందిని తీసుకున్నారు. కొందరికి ట్రెడ్‌మిల్ మీద క్రమంగా పెంచుతూ నడక, మిగిలినవాళ్ళకి మామూలు ఫిజియోథెరపీలో చేయించే సాగదీసే వ్యాయామాలు, తేలికపాటి నడక. ఆరు నెలల తర్వాత చూస్తే ట్రెడ్‌మిల్ వాళ్ళ ఫిట్‌నెస్ 17 శాతం పెరిగింది, మిగతావాళ్ళది 3 శాతం. ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం మొదటి గుంపులో 30 శాతం పెరిగితే, రెండో గుంపులో 11 శాతం. ఇదే బృందం 1997లో చేసిన చిన్న అధ్యయనంలో, ట్రెడ్‌మిల్ శిక్షణ తర్వాత అదే వేగంతో నడవడానికి అయ్యే శక్తి ఖర్చు తగ్గింది. టాంకూ పెరుగుతుంది, మైలేజూ పెరుగుతుంది అన్నమాట.

ఇది విని "అయ్యో, మా ఇంట్లో ట్రెడ్‌మిల్ లేదే" అనుకోకండి. 2011లో పమేలా డంకన్ బృందం 'లీప్స్' అనే పెద్ద అధ్యయనం చేసింది, 408 మందితో. ఒక పద్ధతిలో పై నుంచి బెల్టుతో శరీర బరువుని ఆపుతూ ట్రెడ్‌మిల్ నడక, ఖరీదైన సెటప్. ఇంకో పద్ధతిలో ఫిజియోథెరపిస్ట్ ఇంటికి వచ్చి బలం పెంచే, బాలెన్స్ పెంచే వ్యాయామాలు క్రమంగా పెంచుతూ చేయించడం. ఏడాది తర్వాత చూస్తే రెండింటి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొత్తం మీద 52 శాతం మంది నడక ఒక మెట్టు పైకి ఎక్కింది. అందులో స్ట్రోక్ వచ్చిన ఆరు నెలలకి శిక్షణ మొదలుపెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి మెషిన్ ముఖ్యం కాదు. వదలకుండా చేయడం, వారం వారం కొంచెం పెంచడం, ఎవరో తెలిసినవాళ్ళు చూసి సరిచేయడం ముఖ్యం.

చివరి మాట ఎందుకు అంటున్నానంటే, మన దేశంలోనే జరిగిన ఇంకో అధ్యయనం ఉంది, పేరు 'అటెండ్'. 14 హాస్పిటళ్ళు, 1250 మంది పేషెంట్లు, ఫలితం 2017లో వచ్చింది. ఇంట్లోవాళ్ళకి వ్యాయామాలు నేర్పించి, వాళ్ళ చేతే చేయిస్తే పేషెంట్ కోలుకోవడం మెరుగవుతుందా అని చూశారు. ఆరు నెలలకి చూస్తే, మామూలుగా ఇచ్చే వైద్యం కంటే అదనపు లాభం కనిపించలేదు. దీన్నిబట్టి ఇంట్లోవాళ్ళు చేసేది వృథా అనుకోవద్దు. నా అభిప్రాయం ఏంటంటే, మీరు ఫిజియోథెరపిస్ట్ స్థానంలోకి వెళ్ళక్కర్లేదు. ఆయన ఇచ్చిన ప్లాన్ రోజూ జరిగేలా చూడటం, కొలిచి రాయడం, మళ్ళీ ఆయనకి చూపించడం, ఇదే మీ ఉద్యోగం. ప్రభుత్వ హాస్పిటల్ అయినా, ప్రైవేట్ అయినా, నెలకి ఒకసారైనా రివ్యూకి తీసుకెళ్ళండి.

ముందు కొలవండి, ఫోన్ తీయండి

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఇవాళ ఎక్కడ ఉన్నారో తెలియాలి. దీనికి టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు.

నేలమీద 14 మీటర్లు కొలవండి. అపార్ట్‌మెంట్ కారిడార్, కమ్యూనిటీ హాల్, ఎదురుగా ఉన్న స్కూల్ వరండా, ఏదైనా సరే, నేల చదునుగా ఉండాలి. మొదటి 2 మీటర్లు, చివరి 2 మీటర్లు వదిలేయండి. మధ్యలో ఉన్న 10 మీటర్లకే టైమ్ తీయండి. రోజూ నడిచే వేగంతోనే నడవమనండి. కర్ర వాడితే కర్రతోనే.

25 సెకన్ల కంటే ఎక్కువ పట్టిందంటే వేగం సెకనుకి 0.4 మీటర్ల కంటే తక్కువ. ఈ దశలో నడక ఎక్కువగా ఇంటి లోపలికే సరిపోతుంది. పన్నెండున్నర సెకన్ల కంటే తక్కువ పట్టిందంటే 0.8 దాటినట్టు. అప్పుడు బయట, బజార్లో తిరగగలిగే స్థాయి. మధ్యలో ఉంటే బయటికి వెళ్ళగలరు కానీ పరిమితంగా. ఈ విభజన జాక్వెలిన్ పెర్రీ అనే డాక్టర్ బృందం 1995లో ఇచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు మామూలుగా సెకనుకి 1.2 నుంచి 1.4 మీటర్ల దాకా నడుస్తారు.

రెండో కొలత ఆరు నిమిషాల నడక. అదే దారిలో అటూ ఇటూ, ఆరు నిమిషాల్లో ఎంత దూరం అన్నది. మధ్యలో ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు, కానీ టైమర్ ఆపకూడదు. ఇది స్టామినా చెప్తుంది. దీన్ని మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గరే చేయించండి.

మూడోది వీడియో. పక్కనుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. రెండు వారాలకోసారి, అవే చెప్పులతో, అదే టైమ్‌కి తీయండి. కాలు గుండ్రంగా తిరగడం తగ్గిందా, మునివేళ్ళు నేలకి రాసుకోవడం తగ్గిందా అన్నది రోజూ చూసే మన కళ్ళకి తెలియదు, వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. జేబులో ఫోన్ పెట్టి స్టెప్ కౌంట్ చూసుకుంటున్నారా? నెమ్మదిగా, కాలు ఈడుస్తూ నడిచేవాళ్ళ అడుగులు చాలా ఫోన్లు, వాచీలు తక్కువ లెక్కపెడతాయి. "ఇవాళ 600 అడుగులేనా" అని వాళ్ళని నిరుత్సాహపరచొద్దు. ఎన్ని నిమిషాలు నడిచారో రాసుకోండి, అది నమ్మకమైన లెక్క.

వ్యాయామం: మూడు ముక్కలు

డాక్టర్ సరే అన్న తర్వాతే ఇది మొదలవ్వాలి. గుండె జబ్బు ఉందా, బీపీ ఎంత ఉంటే ఆగాలి, ఈసీజీ గానీ ట్రెడ్‌మిల్ టెస్ట్ గానీ అవసరమా, ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు ఫోన్‌లో రాసుకోండి. స్ట్రోక్ వచ్చిన మొదటి రోజే లేపి నడిపించేద్దామని తొందరపడకండి. 2015లో వచ్చిన 'అవర్ట్' అధ్యయనంలో 2104 మందిని చూశారు. 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువగా లేపి కదిలించినవాళ్ళు, మామూలు పద్ధతిలో వెళ్ళినవాళ్ళ కంటే కాస్త తక్కువగానే కోలుకున్నారు. ఎప్పుడు లేపాలో హాస్పిటల్ వాళ్ళే చెప్తారు.

మొదటి ముక్క, నడకే. నడక బాగుపడాలంటే నడవాలి. చేతులతో సైకిల్ తొక్కడం, మంచం మీద కాళ్ళు ఊపడం దాని స్థానంలోకి రావు. ఒకేసారి అరగంట అక్కర్లేదు. మూడు నిమిషాలు నడక, రెండు నిమిషాలు కూర్చోవడం, ఇలా నాలుగుసార్లతో మొదలుపెట్టొచ్చు. రెండు వారాల తర్వాత మూడు నిమిషాలు నాలుగు అవుతాయి, తర్వాత అయిదు. ఒకసారికి ఒకటే పెంచండి. నిమిషాలు పెంచిన వారం వేగం పెంచొద్దు. చేరాల్సిన చోటు ఏంటంటే, వారానికి 3 నుంచి 5 రోజులు, రోజుకి 20 నుంచి 60 నిమిషాలు. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ స్ట్రోక్ అసోసియేషన్ ఇచ్చిన సూచన ఇది.

ఎంత గట్టిగా నడవాలి? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రెండు ముక్కలు కూడా మాట్లాడలేకపోతే ఎక్కువైంది. హాయిగా కబుర్లు చెప్తూ పాట కూడా పాడేస్తుంటే తక్కువైంది. వాచీలో గుండె వేగం చూసి నడపొచ్చు కదా అంటారేమో. బీపీకి వేసుకునే కొన్ని మాత్రలు, బీటా బ్లాకర్లు అంటారు, గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవాళ్ళలో వాచీ అంకె తప్పుదారి పట్టిస్తుంది. మాట పరీక్షే మంచిది.

యూట్యూబ్‌లో ఇంటర్వల్ ట్రైనింగ్ చూసి ఉంటారు, 30 సెకన్లు వేగంగా, తర్వాత విశ్రాంతి. స్ట్రోక్ తర్వాత కూడా ఇది పని చేస్తుందని 2023లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. 55 మంది, వారానికి మూడుసార్లు, 12 వారాలు. మధ్యస్థంగా నడిచినవాళ్ళ కంటే ఇలా వేగంగా నడిచినవాళ్ళ ఆరు నిమిషాల దూరం ఎక్కువ పెరిగింది. కానీ వాళ్ళందరినీ ముందు గుండె పరీక్ష చేసి, పక్కన థెరపిస్ట్‌ని పెట్టి చేయించారు. ఇంట్లో కాపీ కొట్టే వ్యవహారం కాదు. ఇంట్లో చేయగలిగిన చిన్న రూపం ఇది: కారిడార్లో ఈ చివరి నుంచి ఆ చివరికి కొంచెం వేగంగా, వచ్చేటప్పుడు మామూలుగా. అది కూడా ఫిజియోథెరపిస్ట్ ఒప్పుకుంటేనే.

రెండో ముక్క, బలం. వారానికి 2 లేదా 3 రోజులు, మధ్యలో ఒకరోజు గ్యాప్. నాలుగు వ్యాయామాలు గుర్తుపెట్టుకోండి.

కుర్చీ నుంచి లేవడం, కూర్చోవడం. వీలైనంతవరకు చేతులు ఆనించకుండా. తేలికైన ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారిపోతుంది. బరువైన చెక్క కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. లేచేటప్పుడు చాలామంది బరువంతా బాగున్న కాలి మీదే వేస్తారు. అలా కాకుండా బాగున్న పాదాన్ని కొంచెం ముందుకి జరిపితే బలం తగ్గిన కాలు పని చేయక తప్పదు.

మడమలు ఎత్తడం. కిచెన్ గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవాలి, నెమ్మదిగా దిగాలి. ఇందాక చెప్పిన వెనక నుంచి తోసే ఇంజిన్ ఇదే.

మెట్టు ఎక్కి దిగడం. రెయిలింగ్ ఉన్న చోట, ఒక్క మెట్టే. మామూలుగా మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలం తగ్గిన కాలు ముందు అని గుర్తు.

కాలు పక్కకి ఎత్తడం. గట్టు పట్టుకుని, నడుము వంచకుండా. తుంటి పక్క కండరం గట్టిపడితే నడకలో ఒకవైపుకి వాలడం తగ్గుతుంది.

ఒక్కొక్కటి 10 సార్లతో మొదలుపెట్టి 15 దాకా వెళ్ళండి. 15 తేలికైపోతే కుర్చీ ఎత్తు తగ్గించడమో, ఇంకో విడత పెంచడమో చేయాలి. ఆరు నెలలు అదే పది, అదే కుర్చీ అంటే అది వ్యాయామం కాదు, అలవాటు. ఇంకో మాట, బలం ఒక్కటే పెంచితే నడక దానంతటదే మారిపోదు. ఆ బలాన్ని నడకలో వాడాలి. అందుకే మొదటి ముక్క వదలకూడదు.

మూడో ముక్క, బాలెన్స్. నిలబడి బరువుని ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, నేలమీద పెట్టిన కర్రని దాటి అడుగు వేయడం, పక్కకి నడవడం, తిరగడం. ఇవన్నీ పక్కన మనిషి ఉంటేనే. బాలెన్స్ పెరిగితే ఒళ్ళు బిగబట్టడం తగ్గుతుంది, ఆ శక్తి నడకకి మిగులుతుంది.

చెప్పులు, గడప, ఎండ

మన ఇళ్ళ పరిస్థితుల గురించి కూడా కొంచెం మాట్లాడాలి. పాదం వేలాడేవాళ్ళకి డాక్టర్లు ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ స్ప్లింట్ రాస్తారు. పాదాన్ని కింద పడకుండా పట్టి ఉంచుతుంది, చాలామందిలో నడక ఖర్చు తగ్గిస్తుంది. కానీ మనం ఇంట్లో చెప్పులు వేసుకోం కదా? స్ప్లింట్ ఒక్కటే వేసుకుని టైల్స్ మీద నడిస్తే జారుతుంది. అందుకే అది ఎక్కువ ఇళ్ళలో బీరువా పైకి చేరుతుంది. ఇంట్లో వాడటానికే ఒక జత బూట్లు కొని పెట్టండి. బయట వాటితో తిరగకపోతే పూజ గది పట్టింపు ఉన్నవాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు. హవాయి చెప్పులు మాత్రం వద్దు. వెనక పట్టీ ఉండాలి.

గడపకి రంగు టేపు అంటించండి, ఎత్తు కనిపిస్తుంది. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్ వేయించండి. కర్ర బాగున్న చేతిలోనే ఉండాలి. మీరు బలం తగ్గిన వైపు, అర అడుగు వెనకగా నడవండి. పడబోతే చెయ్యి పట్టి లాగొద్దు, ఆ భుజం కీలు జారే ప్రమాదం ఉంది. నడుముకి గట్టి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి.

ఎండాకాలం మన దగ్గర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే నడిపించండి. ఒంట్లో నీళ్ళు తగ్గితే, పైగా బీపీ మాత్ర కూడా వేసుకుని ఉంటే, లేచి నిలబడగానే కళ్ళు తిరగొచ్చు.

ఎక్కడ ఆగాలి?

స్కిప్ చేయొద్దన్న భాగం ఇదే. ఛాతీలో నొప్పి, బరువు. మామూలు ఆయాసం కాకుండా ఊపిరి అందకపోవడం. కళ్ళు తిరగడం. గుండె ఇష్టం వచ్చినట్టు కొట్టుకోవడం. పిక్కలో కొత్తగా వాపు, నొప్పి. వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపి కూర్చోబెట్టండి. ఛాతీ నొప్పి తగ్గకపోయినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేయండి. మిగతావి కూడా రేపటికి వాయిదా వేయకుండా ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి.

మూతి ఒక పక్కకి పోవడం, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట తడబడటం, చూపు సగం పోవడం, ఇవి హఠాత్తుగా కొత్తగా వస్తే అది ఇంకో స్ట్రోక్ కావొచ్చు. కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అని చూడొద్దు, వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే టైమ్. లక్షణం ఎన్నింటికి మొదలైందో ఫోన్‌లో చూసి గుర్తుపెట్టుకోండి, హాస్పిటల్లో మొదటి ప్రశ్న అదే.

ఆఖరుగా ఒక మాట. ఇందాక వేసిన లెక్క మళ్ళీ వేద్దాం. శక్తి 50, ఖర్చు 35, అంటే 70 శాతం. శిక్షణతో శక్తి 58 అయ్యి, ఖర్చు 30కి దిగిందనుకోండి. ఇప్పుడు 52 శాతం. రెండు వైపులా వచ్చింది చిన్న మార్పే. కానీ 70కీ 52కీ మధ్య తేడా ఏంటో తెలుసా? రైతు బజార్‌కి వెళ్ళి, ఏరుకుని, బేరమాడి, తిరిగి రావడం. మనవరాలిని స్కూల్ బస్ దాకా దింపి రావడం. బాత్రూమ్‌కి ఎవర్నీ పిలవకుండా వెళ్ళడం. స్ట్రోక్ వచ్చిన మనిషికి ఇవి చిన్న విషయాలు కావు, మళ్ళీ ఇంటికి పెద్దగా నిలబడటం అది.

ఈ ఆదివారం టేపు, ఫోన్ పట్టుకుని ఆ పది మీటర్లు కొలవండి. సెకన్లు రాసి పెట్టుకోండి. ఆ కాగితం ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళి, "ఈ అంకె తగ్గాలంటే ఏం చేయాలండీ?" అని అడగండి. ఎన్ని సెకన్లు వచ్చిందో కింద కామెంట్లో పెట్టండి, పేర్లు అక్కర్లేదు. ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉన్న ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.